ఇంకా జానెడు

అండాలు తాటిచెట్టు మీది నుంచి పడి రెండేళ్ళ నాలుగు నెలలవుతోంది. ఇంకా నేల తగల్లేదు. జానెడు మిగిలింది.

ఆ జానెడు ఎత్తులోనే ఆమె బతుకు వెళ్ళదీస్తోంది. వండుకుంటుంది, తింటుంది, చీపురుకు పొడుగాటి కర్ర కట్టి వాకిలి ఊడుస్తుంది. కుచ్చిళ్ళు గాలికి పైకి లేవకుండా చీర అంచుకు నాలుగు ఇనుప నట్లు కుట్టుకుంది. చెవుల్లో ఎప్పుడూ హోరు ఉంటుంది కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడుతుంది. మంచం మీద పడుకున్నా మంచానికీ ఆమెకూ మధ్య జానెడు ఉంటుంది. వానొస్తే నీళ్ళు ఆమె కాళ్ళ కింది నుంచి పోతాయి. ఒక్క లాభం, ఈ రెండేళ్ళలో కాలికి ముల్లు గుచ్చుకోలేదు.

రాళ్ళకుంట ఊరికి ఇదంతా అలవాటైపోయింది. మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు ఎదురుపడితే, "ఏం అండాలూ, ఇంకా తగల్లేదా?" అని అడుగుతారు, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా. జవాబు కోసం ఆగరు.

వైద్యం చేయించుకోలేదని ఎవరూ అనడానికి లేదు. పట్నంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. వెన్నెముక ఉండాల్సిన చోట తాటిచెట్టు పడింది, మట్టలతో సహా. డాక్టరు ఫిల్మును కిటికీ వైపు ఎత్తి పట్టి చాలాసేపు చూశాడు. చెట్టు ఆరోగ్యంగా ఉందన్నాడు, కాల్షియం మాత్రలు రాశాడు. పక్క ఊళ్ళో కట్లు కట్టే ఆయన ఆమె అరికాళ్ళ కింద ఉన్న గాలికి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. గాలి నలభై రోజుల్లో చక్కగా అతుక్కుంది. అండాలు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది.

ఆమె చెట్టెక్కడం వెనక కొంత కథ ఉంది. భర్త బిక్షమయ్య కామెర్లతో పోయినప్పుడు ఆయన గీసే పద్దెనిమిది చెట్లు ఖాళీ అయ్యాయి. నేనెక్కుతా అంది అండాలు. కల్లుగీత సంఘంలో పద్నాలుగు మంది మగవాళ్ళు. ఆడది ఎక్కితే కల్లు పాడవుతుందని ఒకరు, చెట్టు ఎండుతుందని ఒకరు, ఊరు నవ్వుతుందని ఒకరు అన్నారు. ఆమె ఎవరి మాటా చెవిన వేసుకోలేదు. పదకొండు నెలలు ఎక్కింది. కల్లు బాగానే ఉంది, చెట్లు పచ్చగానే ఉన్నాయి, ఊరు మాత్రం నాలుగు రోజులు నవ్వి మానుకుంది.

ఎక్కింది పొట్టకూటికే. కానీ ఎక్కాక ఆమెకు పైన బాగుంది. అంత బాగుంటుందని కింద ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. చెట్టు నెత్తిన కూర్చుంటే ఊరు అరచేతంత కనిపిస్తుంది. పొద్దున్నే ఎదురొచ్చిందని ముఖం తిప్పుకునేవాళ్ళ ఇళ్ళ పైకప్పులు కూడా కనిపిస్తాయి. పైన గాలికి ఆమె ఎవరి పెళ్ళామో, ఎవరి విధవో తెలియదు.

చెట్టెక్కేవాళ్ళు నడుమునూ చెట్టునూ కలిపి ఒక తాడుతో చుట్టుకుంటారు. దాన్ని మోకు అంటారు. ఎవరి నడుముకు వాళ్ళు కొలుచుకుని ముడి వేసుకుంటారు. ఒకరి మోకు ఇంకొకరు వాడరు. అండాలుకు ఈ సంగతి తెలుసు. తెలిసీ భర్త మోకుతోనే ఎక్కింది. ఆయన వేసిన ముడి విప్పబుద్ధి కాలేదు. విప్పితే ఆ చేతులు చేసిన పనుల్లో ఆఖరిది కూడా పోతుందనుకుంది. వదులుగా ఉన్న చోట కొంగు దోపి బిగించి నెట్టుకొచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం, నలభై అడుగుల ఎత్తున, కొంగు జారింది.

చెలకలో ఎవరో వేసిన కేక విని పద్నాలుగు మందీ పరుగెత్తుకొచ్చారు. అండాలు జానెడు ఎత్తున లేచి నిటారుగా నిలబడి, "నాకేం కాలె" అంది. పళ్ళు బిగబట్టి అంది. ఆ పళ్ళ బిగువు ఇప్పటికీ సడల్లేదు, ఆ పడటమూ ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఒక ఆదివారం పొద్దున సంఘం పెద్ద వీరస్వామి వాకిట్లోకి వస్తాడు. బిక్షమయ్యకు పెదనాన్న కొడుకు, అండాలుకు బావ వరస. మంచివాడే. కాకపోతే మాట్లాడుతున్నంతసేపూ ఆమె కాళ్ళ వైపు చూడడు, చూరు వైపు చూస్తాడు.

"గురువారం చెట్లు పంచుతున్నం అండాలూ."

"నా పద్దెనిమిది నాకే గద బావా."

"చెట్టు మొదట్ల కాలు ఆనియ్యాలె. నేల మీద నిలవడ్డోళ్ళకే చెట్టు. ఇది నేను పెట్టిన కట్టు గాదు, తాతల నాటిది."

"నేను నిలవడే ఉన్న."

"నిలవడలే, పడుతున్నవ్. జర నిమ్మళంగ పడుతున్నవ్, గంతే. రెండేండ్లు ఆగినం. ఇంక ఆగమంటె వేరేటోళ్ళు ఊకుంటరా?"

ఆయన మాటలో తప్పు దొరకదు. అందుకే అండాలుకు ఒళ్ళు మండుతుంది. చెట్టు ఎక్కాలంటే ముందు నేల మీద అడుగుండాలి. ఈ నాలుగు రోజుల్లో ఆ జానెడూ పడి తీరాలి. పడకపోతే పద్దెనిమిది చెట్లూ పోతాయి, వాటితో పాటు పైన కూర్చునే ఆ చోటూ పోతుంది.

ఆమె అటు నుంచి అటే కొమురవ్వ ఇంటికి వెళుతుంది.

కొమురవ్వ మంత్రసాని. ఎనభై దాటాయి. ఆసుపత్రులు రాకముందు ఊళ్ళో సగం మందిని ఈ భూమ్మీదికి దించింది ఆవిడ చేతులే. మనిషిని నేలకు చేర్చే పనిలో అంత అనుభవం ఇంకెవరికుంది? సోమవారాలు అచల మఠంలో తత్వాలు పాడుతుంది, మిగతా రోజులు బీడీలు చుడుతుంది.

"ఎంత మిగిలింది బిడ్డా?"

"జానెడు అవ్వా."

"ఎవల జానెడు?"

"నాదే."

కొమురవ్వ బీడీల చాట పక్కన పెట్టి తన చేత్తో కొలుస్తుంది. "నా చేతికి తక్కువనే ఉన్నది. నయమే. పండుకో."

అండాలు చాప మీద, చాపకు జానెడు పైన, వెల్లకిలా పడుకుంటుంది. కొమురవ్వ కడుపుతో ఉన్నవాళ్ళను చూసినట్టే అరచేతులతో తడుముతూ వస్తుంది. మెడ, రొమ్ము, పొట్ట దాటి, కుడి డొక్కలో ఆఖరి ఎముక కింద చెయ్యి ఆపుతుంది.

"ఈడున్నది." చెవి ఆనించి వింటుంది. "కాకి ఒర్రుతున్నది. కల్లు పట్టే లొట్టి చెట్టుకు తాకుతున్నది. ఎవడో చెల్కలకెళ్ళి అయ్యయ్యో అంటున్నడు. నీ డొక్కల ఇంకా మిట్టమధ్యాన్నమే బిడ్డా."

ఎముక కిందికి రెండు వేళ్ళు పోనిచ్చి తీస్తే, వేళ్ళకు ఎర్రచీమలు పట్టుకుని ఉంటాయి. తాటిచెట్టు చీమలు. కొమురవ్వ వాటిని గడప అవతల దులుపుతుంది.

"దాన్ని తీసెయ్యవ్వా."

"తీసేది గాదు, పుట్టేది. వస్తుంటె ఆపినవ్. అడ్డం తిరిగింది." ఆవిడ వేళ్ళు చాపకు తుడుచుకుంటుంది. "గద్ద కాళ్ళల్లకెళ్ళి తప్పించుకున్న కోడి ఏం జేస్తది?"

"రెక్కలు దులుపుకుంటది."

"నువ్వు దులుపుకున్నవా?"

"పద్నాలుగు మంది మొగోళ్ళు సూస్తుండిరి. వాళ్ళ ముందట వణుకుతనా?"

"మరి వణుకు యాడికి పోతది?"

అండాలు కుడి డొక్క మీద చెయ్యి వేసుకుంటుంది.

"మొండితనం మంచిదే," అంటుంది కొమురవ్వ. "దాన్ని డొక్కల దాస్తె పని జెయ్యదు. కాళ్ళల్లకు దించు. మడమల దాకా ఊపిరి పోనియ్యి."

చెప్పినంత తేలిక కాదు. మొదటి ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతుంది. రెండోది రొమ్ము దాటదు. మధ్యాహ్నానికి ఒకటి బొడ్డు దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. సాయంత్రం ఒకే ఒక్క ఊపిరి మోకాళ్ళు దాటి, మడమలు చేరి, అక్కడ కూర్చుంటుంది. ఎడమ కాలి చిటికెన వేలు వణకడం మొదలుపెడుతుంది.

"ఆపకు," అంటుంది కొమురవ్వ. "ఆ వణుకు నీది. ఎవలబ్బ సొమ్ము గాదు."

వణుకు చిటికెన వేలి నుంచి పిక్కల్లోకి, పిక్కల నుంచి తొడల్లోకి ఎక్కుతుంది. సోమవారానికి కొమురవ్వ ఇంటి పెంకులు కదులుతాయి. మంగళవారానికి వాడంతా ఊగుతోంది. ఎదురింటివాళ్ళు స్టీలు గ్లాసులు తీగతో కట్టుకుంటారు. పక్కింటి దర్జీ మిషను తొక్కకుండానే పన్నెండు జాకెట్లు కుట్టేసి, ఇంకో వారం ఉండేలా చూడమని కొమురవ్వను బతిమాలతాడు.

వణుకుతోపాటు ఇంకా చాలా వస్తాయి. అండాలు ఏడుస్తుంది. ముడి వేసి పోయిన భర్తను తిడుతుంది. ఆ ముడిని పట్టుకుని వేలాడిన తననూ తిడుతుంది. ఆయన మీద ఇంత కోపం ఉందని ఆమెకే తెలియదు. ఆయన మీద ఇంత బెంగ ఉందని కూడా తెలియదు. కొమురవ్వ ఓదార్చదు. అరికాళ్ళు రెండూ తన అరచేతుల్లో పట్టుకుని కూర్చుంటుంది.

సోమవారం రాత్రికి నాలుగు వేళ్ళ ఎత్తు. మంగళవారానికి రెండు వేళ్ళు. బుధవారం పొద్దున ఒక్క వేలు మందం. అక్కడ ఆగిపోతుంది. ఎంత వణికినా, ఎంత ఏడ్చినా ఇక దిగదు.

"ఇంక దిగుతలే అవ్వా. రేపే పంచుడు."

కొమురవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ అడుగుతుంది. "పడుతున్నదెవరు?"

"నేను."

"పడుతున్నట్టు ఎవలకు ఎరుక?"

"నాకే."

"ఆ ఎరుక పడుతున్నదా?"

ఇది అడ్డగోలు ప్రశ్న అనుకుంటుంది అండాలు. అయినా కళ్ళు మూసుకుని చూస్తుంది.

చెవుల్లో హోరు ఉంది. హోరు వినపడుతున్న చోట హోరు లేదు. అక్కడ చెట్టు ఉంది, కాకి ఉంది, నలభై అడుగుల గాలి ఉంది, గాల్లో ఒక ఆడమనిషి ఉంది. కొమురవ్వ కత్తెర చప్పుడు ఉంది, బీడీ ఆకుల వాసన ఉంది. అన్నీ ఒకే బయలులో ఉన్నాయి. ఆ బయలుకు అంచు దొరకదు. తను అందులో ఏ పక్కన ఉందో చూద్దామని వెతుకుతుంది. పక్కలే లేవు. పడేది, పడటం, పడాల్సిన నేల, మూడింటినీ విడదీసే గీత కోసం ఇంకా వెతుకుతుంది. అదీ లేదు.

ఇలాంటి చోట మనిషి చిరునవ్వు నవ్వి చల్లబడిపోవాలని పెద్దలు ఆశిస్తారు. అండాలు కళ్ళు తెరిచి కస్సుమంటుంది.

"అయితె నాకేం కాలేదంటవా? రెండేండ్లు నేను పడ్డదంత ఉత్తదేనా?"

"ఉత్తదన్నోని నోట్ల మన్ను గొట్టు," అంటుంది కొమురవ్వ, ఆమె కంటే గట్టిగా. "అయ్యింది. మస్తు అయ్యింది. గని అది నీల అయ్యింది. నువ్వు దాంట్ల లేవు."

అండాలు ఆ మాటను ఒకసారి లోపలికి తీసుకుని చూస్తుంది. పట్టింది. సరిగ్గా సరిపోయింది.

"మరి ఈ వేలు మందమెందుకు మిగిలింది?"

"ఎవల ముందట ఆపుకున్నవో వాళ్ళ ముందట్నే దిగాలె. నేను గాదు దించేది."

గురువారం పొద్దున తాటివనంలో పద్నాలుగు మందీ తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. పంపకం పద్ధతి ఇది: పెద్ద చెట్టును అరచేత్తో చరిచి మూడుసార్లు పేరు పిలుస్తాడు, పేరున్న మనిషి వచ్చి మొదట్లో కుడికాలు ఆనిస్తాడు. అంతే, ఆ ఏడాదికి ఆ చెట్టు వాళ్ళది. అండాలు వేలు మందం ఎత్తున నడుచుకుంటూ వచ్చి తన మొదటి చెట్టు ముందు నిలబడుతుంది. కొమురవ్వ రాలేదు. బీడీలు ఇవ్వాల్సిన రోజట.

వీరస్వామి భుజం మీది తువ్వాల తీసి, ముఖం అటు తిప్పుకుని, ఆమె అరికాళ్ళ కింద ఇటు నుంచి అటు లాగుతాడు. తువ్వాల ఎక్కడా తట్టుకోదు.

"సందున్నది," అంటాడు. "సందున్నోళ్ళకు చెట్టు లేదు. కల్లు దుకాణంల కూసోని అమ్ముకో. మేం వద్దంటలేం."

"మొగోళ్ళ పని మొగోళ్ళకే అని ఆనాడే జెప్తిమి," అంటారు వెనక నుంచి ఎవరో.

అండాలు వాళ్ళ వైపు తిరుగుతుంది. "ఆడదాన్నని పడలే. మొగని మోకుతోటి ఎక్కిన, అందుకు పడ్డ. తప్పు నాదే, ఒప్పుకుంటున్న. మీరు మీ పెండ్లాల నడుము కొలతతోటి ఎక్కుండ్రి ఒక్కపారి, ఎవలు మిగుల్తరో సూద్దం."

ఒకరిద్దరు నవ్వబోయి మానుకుంటారు.

"ఆనాడు మీరు సూస్తుండిరని వణకలే. ఇయ్యాల వణుకుత. సూడుండ్రి. ఎవ్వలు గూడ మొకం తిప్పుకోవద్దు. బావా, నువ్వు గూడ."

ఆమె పళ్ళ బిగువు వదిలేస్తుంది. కాళ్ళు వణుకుతాయి, నడుము వణుకుతుంది, దవడ టకటకా కొట్టుకుంటుంది. చీర అంచున ఇనుప నట్లు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. పద్నాలుగు మంది మగవాళ్ళ ముందు, పట్టపగలు, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా వణుకుతుంది. సిగ్గు వస్తుంది. సిగ్గును కూడా వణకనిస్తుంది. రెండేళ్ళ నాలుగు నెలల కింద మొదలైన అరుపు ఇప్పుడు నోట్లోంచి బయటికొస్తుంది. దాని వెనకే కుడి డొక్కలోంచి కొంగును తోసుకుంటూ కాకి బయటికొచ్చి, రెక్కలు విదుల్చుకుని, ఉత్తరం వైపు ఎగిరిపోతుంది.

అప్పుడు అండాలు నేల మీద పడుతుంది.

చప్పుడు నలభై అడుగులకు సరిపడా ఉంటుంది. దుమ్ము తాటిమట్టల దాకా లేస్తుంది. మడమల నుంచి మాడు దాకా నొప్పి ఒక్కసారిగా పరుగెత్తుతుంది. "అమ్మా" అని గొంతెత్తి ఏడుస్తుంది. మట్టి వెచ్చగా ఉంది, ఒక గులకరాయి అరికాలిలో గుచ్చుకుంది. నొప్పిగా ఉంది, ఏడుపుగా ఉంది, పట్టరానంత సంతోషంగా ఉంది. మూడూ ఒకే చోట ఉన్నాయి, వాటిలో వాటికి పేచీ లేదు.

ఆమె లేచి, కుంటుతూ వెళ్ళి, చెట్టు మొదట్లో కుడికాలు ఆనిస్తుంది.

"పిలువు బావా."

వీరస్వామి పిలవడానికి నోరు తెరుస్తాడు. ఆయన చెప్పులు నేల మీదే ఉన్నాయి, కాళ్ళు మాత్రం చెప్పుల్లో లేవు. ఆయన జానెడు పైకి లేచి ఉన్నాడు. పంచె అంచు గాలికి రెపరెపలాడుతోంది.

"నువ్వెప్పుడు పడ్డవ్ బావా?"

"నేను పడలే." ఆయన కూడా గట్టిగా మాట్లాడుతున్నాడు. "మా నాయిన పడ్డడు. నేను కిందనే ఉండి సూసిన."

"అది గూడ పడుడే."

ఆయన వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేస్తున్నారు. ఒకడు పన్నెండేళ్ళ కింద పడ్డవాడు, ఒకడు నిరుడు పడ్డవాడు, ఒకడికి పడ్డ సంగతే ఇప్పుడు గుర్తొచ్చింది. ఒకరి తువ్వాల ఒకరు పట్టుకుని వేలాడుతూ, "నాకేం కాలె, నాకేం కాలె" అని మర్యాదగా ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. తాటివనం మొత్తానికి నేల మీద కాళ్ళున్న మనిషి అండాలు ఒక్కతే.

ఆమెకు నవ్వు రాదు. గెలిచినట్టూ అనిపించదు. వాళ్ళ డొక్కల్లో పద్నాలుగు మధ్యాహ్నాలు ఎండ కాస్తున్నట్టు ఆమెకు ఇక్కడికే తెలుస్తోంది. కానీ ఆ జాలితో తన చెట్లను వదులుకునే రకం కాదు.

"అందరిని సూస్త," అంటుంది. "వణుకుడు నేర్పిస్త. వరసల రాండ్రి. గని ముందు నా చెట్టు. పిలువు బావా."

వీరస్వామి గాల్లోంచి వంగి, చెట్టును అరచేత్తో చరిచి, మూడుసార్లు పిలుస్తాడు. ఈసారి ఆమె కళ్ళలోకి చూసి పిలుస్తాడు.

మూడో పిలుపుకు చెట్టు కదులుతుంది.

అండాలు ఎక్కడానికి చేతులు చాస్తుంది. చెట్టు ఆగమన్నట్టు ఒక మట్ట అడ్డం పెడుతుంది. నేలలోంచి ఒక వేరు లాగి, మట్టి దులుపుకుని, ఆమె పాదం మీద పెడుతుంది. ఇంకో వేరు లాగి ఆమె మోకాలి మీద ఆనిస్తుంది. ఆమె నడుమును వాటేసుకుని ఎక్కడం మొదలుపెడుతుంది. బరువు ఉంది. ఆమె మడమలు మట్టిలోకి దిగి పట్టు బిగిస్తాయి. మోయగలిగినంత బరువే.

ఆమె ఎంత ఎత్తుందో ఇంతకాలం ఎవరూ చూడలేదు. చెట్టు ఆమె నడుము చేరేసరికి పొద్దు చాలా పైకొస్తుంది. భుజం చేరేసరికి పద్నాలుగు మందీ ఆమె పిక్కల దగ్గర పిట్టలంత కనిపిస్తున్నారు. తాటాకులు దొప్పలు చేసి, పట్టుకుని, నోరెత్తకుండా తమ వంతు కోసం చూస్తున్నారు. చెట్టు ఆమె మెడ దగ్గర కుదురుగా కూర్చుంటుంది. ఆకు అంచుతో గొంతు గుంట పైన సన్నగా గీస్తుంది. నొప్పి లేదు. చల్లగా, తియ్యటి వాసనతో ఒక చుక్క ఊరుతుంది. చెట్టు ఆ చుక్క కింద లొట్టి కడుతుంది.

కట్టి, అనుకోకుండా కిందికి చూడబోయి, ఆగిపోతుంది. మట్టలన్నీ గలగలా కొట్టుకుంటున్నాయి. చెట్టు ఇంతవరకూ ఎప్పుడూ ఏదీ ఎక్కలేదు.

"వణుకు," అంటుంది అండాలు, తల తిప్పకుండా. "ఎవలు సూసినా వణుకు. నేను నిలవడే ఉన్న."

చెట్టు ఆమె మెడను వాటేసుకుని, వేరు కొస నుంచి మట్ట చివరి దాకా వణుకుతూ, కిందికి చూస్తుంది.